బాలింత చారు

ఎనభైల మొదట్లో షికాగో పక్కన అరోరాలో, మా అపార్ట్‌మెంట్‌కి ఎదురుగా ఒక కొరియన్ జంట ఉండేది. ఆ అమ్మాయి నాకన్నా చిన్నది. నన్ను వాళ్ళ భాషలో అక్కా అనే పిలిచేది. ఇద్దరిదీ అరకొర ఇంగ్లీషే కాబట్టి మా కబుర్లకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. జనవరిలో పురిటికని ఆస్పత్రికి వెళ్ళి, ఉత్త చేతులతో తిరిగొచ్చింది. బిడ్డ కడుపులోనే పోయాడట.

మర్నాడు ఆమె భర్త, నల్లగా ఎండిన నాచు ప్యాకెట్ పట్టుకుని మా తలుపు తట్టాడు. బాలింత సముద్రపు నాచు చారు తాగాలని, వాళ్ళ దేశంలో తల్లులు వారాల తరబడి పూటపూటా అదే పెడతారని చెప్పాడు. వాళ్ళిద్దరి తల్లులూ సముద్రానికి ఆవల ఉన్నారు. అతనికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదు. ఇంటికొచ్చినప్పటి నుంచి ఆమె ఏమీ ముట్టడం లేదని చెబుతూ ఏడ్చేశాడు. నాకు మన పథ్యం వంటలు తెలుసుగానీ నాచు సంగతేం తెలుసు? అయినా తగుదునమ్మా అని ఒప్పుకున్నాను.

ప్యాకెట్ మొత్తం నీళ్ళలో పడేశాను. చూస్తూండగానే అది ఉబ్బి గిన్నె దాటింది. ఇంకా పెద్ద గిన్నెలోకి మార్చాను, అదీ చాలలేదు. ఆఖరికి సింకు నిండిపోయింది. జారిపోతున్న ఆ ఆకుల్ని దోసిళ్ళతో ఎత్తుతూంటే నా మీద నాకే ఒళ్ళు మండింది. ఎదురింట్లో ఒక మనిషి ఏడుస్తూంటే నేను చేస్తున్న నిర్వాకం ఇదీ. అందులో గొడ్డు మాంసం వేయాలట. అది నావల్ల కాలేదు. నువ్వుల నూనెలో వెల్లుల్లి వేయించి, నాచు వేసి, నీళ్ళు పోసి మరిగించాను.

గిన్నె తీసుకెళ్ళేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చొక్కా ముందు భాగం రెండు చోట్ల తడిసింది. చారు వంక చాలాసేపు చూసి మెల్లగా అంది.

"అక్కా, ఇది పాలు పడడానికి పెడతారు. నాకు పాలు ఆగడం లేదు."

ఆ సంగతి పాపం అతనికీ తెలియదు. ఆస్పత్రివాళ్ళు గట్టిగా గుడ్డ చుట్టుకోమన్నారట, అదీ పనిచేయలేదట. మీ వైపు ఏం చేస్తారని నన్నడిగింది.

"మల్లెపూలు కడతారు, రొమ్ముల మీద. తాజావి."

ఎక్కడ దొరుకుతాయంది. కిటికీ బయట కార్లు కూడా మంచులో కూరుకుపోయి ఉన్నాయి. షికాగో అంతా గాలించినా మూరెడు మల్లెలు దొరకవు. మందు తెలిసీ ఇవ్వలేకపోవడం కంటే అసలు తెలియకపోవడమే నయమనిపించింది. ఇక్కడ లేవని చెప్పాను.

అప్పుడే అతను గదిలోకొచ్చి ఆశగా గిన్నె వంక చూశాడు. ఆమె అతని మొహం చూసి, నా చేతిలోంచి చెంచా తీసుకుని తాగడం మొదలుపెట్టింది. ఆపుదామనుకున్నాను. అతని ముందు ఏం చెప్పి ఆపను?

ఆమె తింటోందన్న సంతోషంలో అతను పరుగున మా ఇంటికి వెళ్ళి, ఇంకో గిన్నె నిండా తెచ్చాడు.