మొగలి చాప కొసలు

వేలాడే పోగు కనబడితే నా చేయి ఊరుకోదు. జాకెట్టు అంచున దారమైనా, బియ్యం సంచి మూతి దగ్గర పురికొసైనా, కత్తిరించి పారేస్తేగాని నాకు మనసు నిలవదు. పారేస్తాననడం కూడా నిజం కాదు, దాస్తాను. మా కోడలు వంటింట్లో ఒక సొరుగు నాకే వదిలేసింది. అందులో రబ్బరు బ్యాండ్లు, రొట్టె సంచుల క్లిప్పులు, పెరుగు డబ్బాల మూతలు ఉంటాయి. ఈ గుణం వల్ల డెబ్బై రెండేళ్ళలో నాకు మేలే జరిగింది. ఒక్కసారి మాత్రం ఇంకొకరికి కీడు చేయబోయాను.

నేను చదివింది మూడో తరగతి. రాసిన దాంట్లో తప్పులుంటే కోడలు దిద్దుతుంది. మాది ఉద్దానంలో సముద్రం ఒడ్డు పల్లె. తొమ్మిదేళ్ళుగా బ్రిస్బేన్ పక్కన స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను.

మా పక్కింటావిడది హవాయి. యాభై ఏళ్ళ కిందట ఈ దేశం వచ్చింది. భర్త పోయాక కూతురి దగ్గర ఉంటోంది. నాకన్నా నాలుగేళ్ళు పెద్ద. వీధిలో పిల్లలంతా ఆవిడని ఆంటీ అంటారు. హవాయిలో కూడా పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారట. నాకు ఆ మాట నోటికి రాలేదు. "వదినా" అన్నాను. అర్థం చెబితే నచ్చింది, నన్నూ అలాగే పిలవసాగింది. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషు, నాది అరకొర ఇంగ్లీషు, మిగతాది చేతులు. అలా నాకు అర్థమైనదాన్నే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మా స్నేహం కలిపింది ఎండుటాకులు. ఒకరోజు పొద్దున్న ఆవిడ కారు డిక్కీలోంచి కట్టలు కట్టలుగా ఎండిన ఆకులు దింపుతోంది. చూడగానే పోల్చుకున్నాను. మొగలి ఆకులు! మా ఊళ్ళో ఇసుక దిబ్బల మీద కంచెలా పెరిగేవి. అవి గీరుకున్న మచ్చలు నా మోచేతుల మీద ఇంకా ఉన్నాయి. గోల్డ్ కోస్ట్ వైపు సముద్రం దగ్గర ఆవిడ మనవరాలి ఇల్లుంది. పెరట్లో మొగలి చెట్లున్నాయట, రాలిన ఆకులు ఏరుకొచ్చింది.

"పొయ్యిలోకా?" అని చేతులతో అడిగాను.

"కాదు, చాపకి," అంది.

ఎండుటాకుతో చాప. ఖర్చు లేదు, కొనేది లేదు. నాకు ఆవిడ మీద అప్పుడే గౌరవం కలిగింది.

వాళ్ళ దేశంలో అగ్నికొండలో పెలే అనే అమ్మవారు ఉంటుందట. ఆవిడ పడవలో సముద్రం దాటి ఒడ్డుకి వస్తే పడవ మొగలి వేళ్ళలో చిక్కుకుపోయింది. ఒళ్ళు మండిన అమ్మవారు చెట్లని పీకి, ముక్కలు చేసి నలుదిక్కులా విసిరేసింది. ఎక్కడ పడితే అక్కడ మొగలి మొలిచిందట. నేను మా కథ చెప్పాను. బ్రహ్మదేవుడి తరఫున మొగలిపువ్వు అబద్ధపు సాక్ష్యం చెప్పిందనీ, శివుడు శపించి పూజకి పనికిరాకుండా చేశాడనీ.

వదిన ఫకాలున నవ్వింది. "మీ ఊళ్ళో అబద్ధాలకోరు, మా ఊళ్ళో దారి కాచే దొంగ. దేవుళ్ళతో పెట్టుకునే చెట్టన్నమాట!"

ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు వాళ్ళ గ్యారేజీలో కూర్చునేవాళ్ళం. ఆకు రెండంచుల ముళ్ళూ, నడిమి ఈనె ముళ్ళూ తీసేయాలి. తడిగుడ్డతో తుడిచి, కత్తి వెనకభాగం మీద లాగి మెత్తబరచాలి. చుట్టలు చుట్టి పెట్టుకుని, తర్వాత సగం వేలు వెడల్పున పేళ్ళుగా చీల్చుకోవాలి. అల్లిక సులువే. దాని ముందు పద్ధతులే కష్టం. ఆకు పట్టుకునే ముందు ఆవిడ కళ్ళు మూసుకుని తన భాషలో ఏదో చెప్పుకునేది. చెట్టుకి చెప్పి తీసుకోవాలట. కోపంగా ఉన్న చేతులతో అల్లకూడదట, కోపం చాపలోకి దిగి కూర్చున్నవాళ్ళకి గుచ్చుకుంటుందట.

ఒకరోజు నేను వెళ్ళేసరికి నా మొహం చూసి, "ఇంటికి వెళ్ళు," అంది.

"ఎందుకు?"

"ఎవరి మీదో కోపంగా ఉన్నావు."

నిజమే. నాలుగు గిన్నెల కోసం కోడలు గిన్నెల మిషను వేసింది. దానికి పొద్దున్నుంచీ మా ఇంట్లో మాటల్లేవు. వెనక్కి వచ్చి, కోడలికి టీ పెట్టిచ్చి, మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఆవిడ నా మొహం పరీక్షగా చూసి ఆకు చేతికిచ్చింది.

ఆ చాప ఆవిడ మనవరాలి కూతురికి. పిల్లకి ఏడాది నిండబోతోంది. హవాయి వాళ్ళకి మొదటి పుట్టినరోజు పెళ్ళంత పండగ. వదినకి ఏడాది నిండినప్పుడు ఆవిడ అమ్మమ్మ ఇలాంటి చాపే అల్లి, దాని మీద కూర్చోబెట్టి దీవించిందట. ఇప్పుడు దీవించే వంతు ఈవిడది. కాని కుడిచేతి బొటనవేలి కీలు అరిగిపోయింది. ఇంకో చాప తన చేతుల మీదుగా రాదని ఆవిడకి తెలుసు. మూడొంతులు ఆవిడ అల్లింది, చివరి భాగం ఆవిడ చెబుతుంటే నేను అల్లాను. అంచులు మడిచేశాం. ఒక మూల మాత్రం పది పన్నెండు కొసలు బారెడు పొడుగున అలాగే వదిలేసింది.

"ఇవీ?" అన్నాను.

"ఉండనీ," అంది. వేలు నొప్పి వల్ల ఆపిందనుకున్నాను.

సోమవారం ఆసుపత్రిలో ఆవిడ వేలికి పట్టీ వేయించుకోవాలి. గ్యారేజీలో ఏవో మరమ్మతులు జరుగుతున్నాయని చాప మా ఇంట్లో పెట్టి వెళ్ళింది. శనివారం పుట్టినరోజు. చాప హాల్లో పరిచి చూశాను. ఎంత బాగుందో! ఆ మూల కొసలు మాత్రం చీపురులా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాపం, వేలు నొప్పితో ఉన్న మనిషి, ఆ మిగిలిన పని నేనే చేసేస్తే సంతోషిస్తుంది కదా అనుకున్నాను. కత్తెర తెచ్చి కొసలన్నీ అంచుకి సమంగా కత్తిరించాను. కత్తిరించినవి గట్టిగా, పొడుగ్గా ఉన్నాయి. పారేయడానికి మనసొప్పలేదు. వాటితో పెరట్లో బీరపాదుని కర్రకి కట్టాను.

మధ్యాహ్నం వదిన చేతికి పట్టీతో వచ్చింది. చాప ముందు నిలబెట్టి, మెప్పు కోసం ఆవిడ మొహంలోకి చూశాను. ఆవిడ వంగి ఆ మూల తడిమింది. మళ్ళీ తడిమింది.

"కొసలు ఏవి?"

"కట్. నీట్," అన్నాను.

"ఎవరు?"

"నేనే!"

ఆవిడ మా సోఫా మీద కూలబడింది. ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటున్న కోడలు ఈ అలికిడికి బయటికి వచ్చింది. వాళ్ళిద్దరూ గబగబా ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు.

"అత్తయ్యా, ఏం చేశారు మీరు? షి ఈజ్ రియల్లీ అప్‌సెట్," అంది కోడలు.

"ఏటి చేసినానే? కొసలు కత్తిరించినాను. అలగ వొగ్గేస్తే ఎవులైనా నవ్వరా?"

"అవి బేబీ బొడ్డుతాడు లాంటివట అత్తయ్యా. ప్రేయర్ చేసి, పిల్లని కూర్చోబెట్టి, అప్పుడు కట్ చెయ్యాలట. అప్పుడే చాప పుట్టినట్టట. మీరు ముందే కట్ చేసేశారు."

మా అమ్మ ఊళ్ళో పురుళ్ళు పోసేది. మాయ పడేదాకా ఎవరినీ కత్తి ముట్టుకోనిచ్చేది కాదు. రెండుచోట్ల దారం బిగించి, దేవుణ్ణి తలుచుకుని అప్పుడు బొడ్డు కోసేది. తొందరపడ్డవాళ్ళని ఆవిడ తిట్టిన తిట్లు నా చెవుల్లో ఉన్నాయి. ఆ తల్లి కడుపున పుట్టి నేను చేసిన పని ఇది.

"కోసినవి ఎక్కడ?" అని వదిన అడిగింది.

బీరపాదు చూపించాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. బిడ్డ బొడ్డు ఊడితే జాగ్రత్తగా దాచాలనీ, ఎలుక ఎత్తుకుపోతే పిల్ల దొంగ అవుతుందనీ వాళ్ళ నమ్మకమట. నేను పరుగున వెళ్ళి, కట్లన్నీ విప్పి తెచ్చాను. లెక్క చూస్తే ఒకటి తక్కువ. సాయంత్రం దాకా పాదు కింద మోకాళ్ళ మీద వెతికితే నీళ్ళ తొట్టి వెనక దొరికింది.

ఈలోపు వదిన కూతురు వచ్చింది. మంచి పిల్ల. "నో వర్రీస్ ఆంటీ, కొంచెం గ్లూ పెడదాం, ఎవరికీ తెలీదు," అని నా భుజం తట్టింది.

వదిన కూతురి వైపు ఒక్క చూపు చూసింది. "నాకు తెలుసు," అంది. "కొసల్లేని చాప మీద నేను పిల్లని కూర్చోబెట్టను." చాప అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. శనివారం లోపల ఆ చాప బాగుపడకపోతే, ఆవిడ అమ్మమ్మ నుంచి చేయి మారుతూ వచ్చినది నా చేతిలో తెగిపోతుంది.

మంగళవారం పొద్దున్నే తలుపు తడితే వదిన. చంకలో ఆకుల చుట్ట.

"కూర్చో. విప్పు," అంది.

జానెడు మేర విప్పాం. విప్పామనడం ఎందుకు, నేనే విప్పాను. ఆవిడ వేలు కదలదు. పాత పేడు పక్కన కొత్త పేడు జతచేసి, రెండింటినీ కలిపి కొంతమేర అల్లుకుంటూ వస్తే కొత్తది పట్టుకుంటుంది. అలా ప్రతి కొసకీ. ఆవిడ ఎదురుగా కుర్చీ వేసుకుని, చూస్తూ తిడుతూ ఉంది.

"అడగవచ్చు కదా? నోరు లేదా నీకు? మిగతా అన్నిటికీ ఉంది! అడక్కుండా చెయ్యడం సాయం అనుకుంటావా? నీ ఇంట్లో కూడా ఇంతేనా?"

"ఇంతే ఆంటీ," అంది లోపల్నుంచి కోడలు. దాన్ని తర్వాత చూసుకుందాం అనుకున్నాను.

బుధవారం ఒక పేడు రెండుసార్లు తెగింది. మూడోసారి విసుగొచ్చి గట్టిగా లాగాను. వదిన వచ్చి నా చేతుల్లోంచి పని లాక్కుంది.

"కోపం వచ్చింది. ఇవాళ్టికి చాలు."

"టైం లేదు వదినా! శనివారం!"

"కోపానికి మాత్రం టైం ఉందా?"

లేచి వెళ్ళిపోయింది. నేను పెరట్లో కూర్చుని నా చేతుల్ని నేనే చూసుకున్నాను. ముళ్ళు గీరుకుని వేళ్ళు ఎర్రగా ఉన్నాయి. కోపం ఆకు మీద కాదు, తెగేలా చీల్చిన నా మీదే. ఆ సంగతి ఒప్పుకున్నాక చేతులు తేలికపడ్డాయి. గురువారం పొద్దుటి నుంచి శుక్రవారం దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను. కోడలు అన్నం అక్కడికే తెచ్చింది. చివరి పేడు లోపలికి దూర్చాక, ఆ మూల కొసలు మళ్ళీ బారెడు పొడుగున వేలాడాయి. వదిన వాటిని ఒక్కొక్కటే ఎడమచేత్తో లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు. బాగుందని అనలేదు. చాప చుట్టి చంకన పెట్టుకుని, "రేపు పదింటికి కారెక్కు," అంది.

కోడలు కూడా నాతో వచ్చింది. సముద్రం దగ్గర మనవరాలి ఇంట్లో ఎనభై మంది దాకా ఉన్నారు. మొగలి చెట్టు పక్కన గడ్డి మీద చాప పరిచారు. పిల్లని దాని మీద కూర్చోబెట్టారు. వదిన వాళ్ళ భాషలో ప్రార్థన చేసింది. ఎక్కడా ఆగలేదు. ఒక్క మాట అర్థం కాకపోయినా నేను చేతులు జోడించే ఉన్నాను. పిల్ల తల్లి కత్తెర పట్టుకుంటే, దాని మీద వదిన తన పట్టీ చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి కొసలు కోశారు. కోసినవి గుడ్డలో చుట్టి, నేను ముందు కోసినవాటితో కలిపి చెట్టు మొదట్లో పాతిపెట్టారు.

తర్వాత వదిన అందరి ముందూ నన్ను చూపించి ఏదో చెప్పింది. జనం పకపకా నవ్వారు.

"ఏటంట?" అని కోడలిని అడిగాను.

"ఈ మూల మా వదిన అల్లింది, మనిషి లాగే బిగువుగా ఉంది, కానీ కత్తెరలు మాత్రం ఆవిడకి అందకుండా పెట్టండి, అంటున్నారు."

నాకు నవ్వు రాలేదు. కోపం కూడా రాలేదు. ఈ దేశం వచ్చాక నేను ఏ పొరపాటు చేసినా అందరూ నో వర్రీస్ అనేవాళ్ళే. బస్సులో, కొట్లో, ఆఖరికి మా ఇంట్లో కూడా. ముసలిదాన్ని ఏమంటాంలే అని వదిలేస్తారు. మంచివాళ్ళే, కాదనను. కాని వదిలేసిన మనిషిని ఎవరూ కూర్చోబెట్టి విప్పించరు. ఆవిడ నన్ను విడిచిపెట్టలేదు. తప్పు దిద్దుకునే వయసు నాకింకా ఉందని నమ్మింది, తన అమ్మమ్మ పనిని మళ్ళీ నా చేతుల్లోనే పెట్టింది.

భోజనాలయ్యాక ఆవిడ దగ్గరికి వెళ్ళి, "థాంక్యూ వదినా," అన్నాను.

"ఎందుకు?"

తిట్టినందుకు అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక కోడలి వైపు చూశాను. "ఆవిడ తిట్టింది కదా, దానికని చెప్పు."

"అత్తయ్యా, అలా చెప్తే బాగోదేమో..."

"చెప్పవే!"

కోడలు చెప్పింది. వదిన నా గీరుకుపోయిన వేళ్ళని తన మంచి చేతిలోకి తీసుకుని చూసింది. తర్వాత కోడలి వైపు తిరిగి ఒక మాట అంది.

"అవసరమైతే మళ్ళీ తిడతారట అత్తయ్యా."

అవసరం పడుతూనే ఉంది.