డీప్‌ఫ్రీజర్‌లో పెట్టిన టీకా

2021 ఎండాకాలంలో నేను కర్నూలు జిల్లా టీకా నిల్వ కేంద్రంలో ఫార్మసీ అధికారిగా ఉన్నాను. పదవీ విరమణకు ఇంకా ఏడాదిన్నర ఉంది. కోవిడ్ టీకాలను ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పంపడం, అక్కడ అవి తగిన చల్లదనంలో ఉన్నాయో లేదో వెళ్ళి చూడటం నా పని. ఈవిడకు నోటి దురుసు ఎక్కువని కింది ఉద్యోగులు అనుకునేవాళ్ళు. అబద్ధమేమీ కాదు.

ప్రతి కేంద్రంలో రెండు పెట్టెలుంటాయి. మొదటిది ఐఎల్‌ఆర్ అనే ఫ్రిజ్. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య టీకాలు ఉండేది అందులోనే. రెండోది డీప్‌ఫ్రీజర్. అప్పట్లో దాని పని ఐస్‌ప్యాకులు గడ్డకట్టించడం వరకే. మాకు వచ్చిన టీకా గడ్డకట్టిందంటే అందులోని మందు పలుకులు పలుకులుగా విడిపోతుంది. కరిగించి ఎంత కలిపినా మునుపటిలా కలవదు. ఒంట్లోకి పోతే విషమేమీ కాదు గానీ, కాపాడుతుందన్న నమ్మకం ఉండదు.

బనగానపల్లె వైపు ఒక కేంద్రంలో, ఊరి పేరు రాయను, ఓబులేసు అనే ఫార్మసిస్టు టీకాలు చూసేవాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో లాగ్‌బుక్‌లో ఒక్కపూట ఉష్ణోగ్రత రాయడం మరిచిన మనిషి కాదు. మే నెలలో ఒక మధ్యాహ్నం తనిఖీకి వెళ్ళి ఐఎల్‌ఆర్ మూత తీశాను. స్టాకు రిజిస్టరులో ఉన్న టీకా డబ్బా లోపల లేదు. ఏదయ్యా అని అడిగితే, ఓబులేసు సంబరంగా డీప్‌ఫ్రీజర్ మూత ఎత్తి చూపించాడు.

“జనం శానా అడుగుతాండారు మేడమ్. అమెరికా టీకా మైనస్ డెబ్బైలో పెడతారంట, మీరేమో పాలు పెట్టుకునే చలిలో పెట్టినారు, ఇది నాసిరకం అంటాండారు. నిన్న సాయంత్రం ఈడికి మార్చినా. ఇంగ ఎవురూ నోరెత్తలా.”

పొద్దున ఇందులోంచి ఎన్ని తీశావని అడిగాను. నాలుగు సీసాలు కరగబెట్టి ముప్పై ఎనిమిది మందికి వేయించాడట.

జనం చెప్పుకునేది ఎంఆర్‌ఎన్‌ఏ టీకా గురించి. అందులో ఉండే జన్యు సందేశం చాలా నాజూకైనది, కొవ్వు పొరలో చుట్టి గడ్డకట్టే చలిలో దాస్తారు. మా జిల్లాకు ఆ రకం ఒక్క సీసా కూడా రాలేదు. ఈ తేడా జనానికి ఎవరూ చెప్పలేదు. ఓబులేసు వారం కిందటే నాకు ఫోన్ చేసి ఇదే అడిగాడు. “వాట్సాప్ చదవడం మాని చెప్పిన పని చూడవయ్యా” అని ఫోన్ పెట్టేశాను. అది గుర్తొచ్చి నిలువునా సిగ్గేసింది.

మిగిలిన సీసాలను పక్కకు తీయించి, వాడకూడదని చీటీ అంటించి, పై అధికారికి ఫోన్ చేశాను. మిగతావి పగిలిపోయాయని రాసేయమన్నారు ఆయన. వేసిన సూదుల మాట ఎత్తవద్దన్నారు. ఇది బయటికి పొక్కితే మండలంలో ఒక్కరు కూడా చెయ్యి చాపరని ఆయన భయం. ఆయన చెడ్డవారు కారు. ఆ భయం నాకూ ఉంది.

ఓబులేసు పేర్ల జాబితా నా ముందు పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. “నా ఉద్యోగం పోతే పోనీ మేడమ్. ఈ మూడో పేరు సూడండి” అన్నాడు. మహబూబ్‌బీ, గాజుల అంగడి ఆమె. భర్తకు కిడ్నీలు పాడై కర్నూలులో డయాలసిస్ చేయిస్తున్నారు. తన వల్ల ఆయనకు జబ్బు అంటుతుందేమోనని రెండు నెలలుగా పక్కింట్లో పడుకుంటోంది. సూదులు పూర్తయ్యాక మళ్ళీ ఆయన దగ్గరే ఉంటానని పొద్దున నర్సుతో చెప్పి సంతోషంగా వెళ్ళిందట. ఈ రెండో సూదితో ఆమె లెక్క పూర్తయినట్టే.

పగిలాయని నేను రాయలేదు. జరిగింది జరిగినట్టు రాసి, ఓబులేసు ముందే అడిగాడని, నేను కసురుకున్నానని కూడా చేర్చాను. మళ్ళీ టీకా వేయడానికి పైనుంచి రాతపూర్వక అనుమతి వచ్చేసరికి మూడు రోజులు పట్టింది. ఈలోపే జాబితా పట్టుకుని ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం.

మహబూబ్‌బీ మమ్మల్ని కూర్చోమనలేదు. “మొన్న మంచిదంటిరి. ఈ పొద్దు కాదంటాండారు. నేను నిన్ననే ఆయప్ప పక్కన కూసోని అన్నం పెట్టింటే, యాడికి పోయి అడగల్ల మిమ్మల్ని?” అంది. తప్పు మాదేనమ్మా, వచ్చి నీ కళ్ళతో చూడమన్నాను.

కేంద్రంలో, జిల్లా నుంచి తెచ్చిన ఒక మంచి సీసానూ ఒక గడ్డకట్టి కరిగిన సీసానూ ఆమె ఎదుటే ఊపి బల్ల మీద పెట్టాను. గడ్డకట్టిన సీసా పారేయడానికి ఈ పరీక్ష అక్కర్లేదు. ఆమెకు చూపడం కోసమే చేశాను. అరగంటలో గడ్డకట్టినదానిలో మందు అడుగుకు దిగి పైన నీళ్ళు తేలాయి. ఆమె రెండూ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, “ఇది మొన్ననే సూపిచ్చింటే మీ సొమ్మేం పోయిండునమ్మా?” అని అడిగింది.

అనుమతి వచ్చిన రోజు ఆమె అందరికంటే ముందు వచ్చింది. ఐఎల్‌ఆర్‌లోని థర్మామీటరు చూపించమంది, సీసా వెలుగులో పెట్టించుకుంది, అప్పుడే చెయ్యి చాపింది. వెనకున్న వాళ్ళంతా అదే అడిగారు. ఓబులేసు విసుక్కోకుండా ప్రతి ఒక్కరికీ చూపించాడు. ఆ తర్వాత అతన్ని వేరేచోటికి మార్చారు, నాకు మెమో ఇచ్చారు. రెండూ న్యాయమే.

ముప్పై ఎనిమిది మందిలో ఏడుగురు మళ్ళీ రాలేదు. వాళ్ళను తప్పుపట్టను. నిజం బయటపెట్టడం వల్ల జనం దూరమవుతారని మా పై అధికారి అన్నారు. అది నిజం కాదని ఆ జాబితాయే చెప్పింది. చెప్పాక ముప్పై ఒక్క మంది తిరిగొచ్చారు. ఆ ఏడుగురు మాత్రం, అడిగినప్పుడు మేం నోరు మూయించిన రోజే మాకు దూరమయ్యారు.