గొర్రెలు రాని ఫోను

"ఫోను చెడిపోయిందబ్బీ. గొర్లు రావడంల్యా."

ప్రొద్దుటూరులో ఫోన్లు రిపేరు చేసే అంగడి పెట్టినప్పటినుంచి రకరకాల జబ్బులు విన్నాను. ఛార్జింగ్ ఎక్కడం లేదంటారు, నీళ్లతొట్టిలో పడిందంటారు, కోపమొచ్చి గోడకేసి కొట్టామని కూడా సిగ్గులేకుండా చెప్తారు. గొర్రెలు రావడం లేదని మాత్రం ఎవరూ అనలేదు. పొద్దున్నుంచి వంగి డిస్‌ప్లేలు మార్చీ మార్చీ మెడ పట్టేసి ఉంది నాకు. నవ్వడానికి కూడా ఓపిక లేదు.

ఆ మాటన్నది బాలనాగమ్మ. కొండాపురం దగ్గర, గండికోట రిజర్వాయరు కింద ఊళ్లు పోయినవాళ్లకు కట్టిన కాలనీ నుంచి వచ్చింది. జమ్మలమడుగులో బస్సు మారిందట. పక్కన ఆమె భర్త చిన్నసుబ్బయ్య, మెడ చుట్టూ తువ్వాలు. "రా మామా, కూచో" అంటే తలాడించాడే గానీ నోరు మెదపలేదు.

ఆమె కొంగులోంచి తీసి బల్లమీద పెట్టిన ఫోను చూసి నా మెడనొప్పి ఎగిరిపోయింది. ఈ ఏడు వచ్చిన ఆండ్రాయిడ్లలో దాన్ని మించింది ఇంకోటి లేదు. కెమెరాతో చందమామ మీది మచ్చలు కూడా తీయొచ్చు. తెర మిట్టమధ్యాహ్నం ఎండలోనూ కనిపిస్తుంది. చెడ్డ సంగతులు అడుగుతారా? సబ్బుబిళ్లలా చేతిలోంచి జారుతుంది. మన కడప ఎండకు పెనంలా కాలి, తనంతట తానే మసకేసుకుంటుంది. వెనక అద్దం పగిలిందా, ఇక దేవుడే దిక్కు. "ఏ ఫోను బాగుంటాదన్నా?" అని వచ్చిన ప్రతివాడికీ ఈ పాటే పాడుతుంటాను, పాడీ పాడీ నాకే రోత పుట్టింది. గొర్రెలు కాసుకునేవాళ్లకు ఇదెందుకో మాత్రం నాకు అంతుపట్టలేదు.

"ఇంత పెద్ద ఫోను మీకెందుకత్తా?" అన్నాను.

"మావోడు లోకనాథ్ కొన్న్యాడు. పులివెందల్లో పనిచేస్తాండాడు. ఈయన గొంతులో గడ్డ ల్యాసింది. గొంతు తీసేయాల, మాట రాదు అని డాక్టర్లు జెప్పిరి. 'ఉండేవాట్లో మంచి ఫోను కొందామమ్మా, నాయన కేక దాంట్లో పడితే సాలు, మందను నువ్వే తోలుకోవచ్చు' అన్న్యాడు."

ఆపరేషన్‌కు ముందు తండ్రీ కొడుకులిద్దరూ రిజర్వాయరు ఒడ్డున మంద మేసే బీడులోకి పోయి, గొర్రెలను పిలిచే ఆ కేకను రికార్డు చేశారు. తర్వాత డాక్టర్లు స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు చిన్నసుబ్బయ్యకు నాలుగడుగులు వేస్తే ఆయాసం. మంద వెంట పోయేది బాలనాగమ్మే. ఆమె ఎంత అరిచినా గొర్రెలకు లెక్క లేదు. ఎవరి శనగచేలో పడితే వాళ్లచేత తిట్లు తిని వస్తోంది. ఫోనుకు కూడా రాకపోతే మందను అమ్మేయడం తప్ప దారి లేదు, బేరగాడు శుక్రవారం వస్తానని కబురు కూడా పెట్టాడు.

"గొర్లు పాయనంటే ఈయన బతకడబ్బీ" అంది, ఆయన ముందరే. "గోడదిక్కు సూసుకుంటా కూసుంటాడు. ఎట్లన్నా బాగుచెయ్యి."

స్పీకరు చూశాను, శుభ్రంగా ఉంది. మైకులు చూశాను, ఏ రోగమూ లేదు. రికార్డు పెట్టాను.

"హోయ్... రా... రా రా రా..."

అబ్బ! ఏం గొంతు! మనిషి పక్కనే నిలబడి పిలిచినట్టు వినిపించింది. చిన్నసుబ్బయ్య తల దించుకున్నాడు.

"బాగానే ఉంది గదత్తా?"

"నాకూ బాగానే ఉంది. గొర్లు తలెత్తి సూస్తాయి. మళ్లా మ్యాసుకుంటాయి."

ఇంకోసారి పెట్టాను. ఈసారి చిన్నసుబ్బయ్య బల్లమీద చరిచాడు. నోరు తెరిచి, నాలుక అంగిటికి ఆనించి ఆడించబోయాడు. ఊపిరి మెడ దగ్గరి రంధ్రంలోంచి బుస్సుమని పోయింది, నోట్లోంచి ఏమీ రాలేదు. ఫోనువైపు వేలు చూపించి, లేదు లేదని చేయి తిప్పాడు.

"అయ్యో, నాలిక సప్పుడు!" అంది బాలనాగమ్మ. "పిలిసేముందర నాలికతో ట్ర్‌ర్ర్ అని కొట్టేటోడు. అది ల్యా దీంట్లో! యాడికి పాయ?"

సెట్టింగులు తెరిచి చూశాను. చుట్టూ ఉన్న రొద తీసేసి మాట ఒక్కటే తేటగా పట్టే ఏర్పాటు ఆన్ చేసి ఉంది. లోకనాథే చేసుంటాడు పాపం. ఆ నీళ్లవారన గాలి ఎట్లా కొడుతుందో తెలిసిందే, నాయన గొంతు కల్తీ లేకుండా రావాలనుకున్నాడు. ఫోను గాలిని తీసేసింది, గాలితోపాటు ఆ నాలుక చప్పుడునూ రొద అనుకుని తీసేసింది. గొర్రెలేమో వచ్చేదే ఆ చప్పుడుకు. ఛీ, దీని తెలివి తగలెయ్య! డొక్కు ఫోనైతే గాలితో సహా అన్నీ పట్టుండేది. ఈ సంగతంతా ఆమెకు విడమరిచి చెప్పాను.

"తీసేసింది యాడో ఒకతాన ఉంటాది గదబ్బీ? మా మనవరాలు పారేసిన ఫోటోలు సెత్తబుట్టలోంచి మళ్లా తీస్తాది. అట్ల తియ్యి."

"అది చెత్తబుట్టలోకి పోలేదత్తా. ఫోన్లోకే రాలేదు."

"బాగా సూడు నాయనా."

చూశాను. లేనిదాన్ని ఎక్కడని వెతికేది? ఆమె మొహంలోకి చూడలేక ఫోన్లోకే చూస్తూ కూర్చున్నాను.

"నువ్వు నేర్చుకోలేవా అత్తా, ఆ చప్పుడు?"

"నేర్చుకుంటి గదా, ఈయనకు మాటున్న్యప్పుడే. నేను కొడితే గొర్లు బెదిరి ఆపక్కకు పరిగెత్తె." నవ్వబోయి మానుకుంది. "ఇంకేముందిలే. శుక్రవారం తోలియ్యాల్సిందే."

చిన్నసుబ్బయ్య ఫోనును నా ముందుకు జరిపాడు. తెరమీద ఆ రికార్డును వేలితో చూపించి, అరచేత్తో గాలిలో అడ్డంగా తుడిచాడు. తీసెయ్, ఎందుకూ పనికిరానిది అని. సరేనని తీసేయబోయాను. బాలనాగమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"ఉండనీ అబ్బీ" అంది. మొగుడివైపు తిరిగింది. "ఈ కేకకు గొర్లు రాకుంటే మాన్నీ. నేనొస్తా గదా."