తీగల మీద కొబ్బరినీళ్లు

వరదల తర్వాత సహాయానికి మా సైనిక వైద్య దళం పొదిలి దగ్గర దిగేసరికి వాన వెలిసి ఎండ మండుతోంది. బడి ఆవరణలో గుడారాలు వేశాం. నల్లరేగడి బూట్లను వదిలేది కాదు. నీళ్లు తీసిన పత్తిచేలల్లో పాములు తిరుగుతున్నాయి. నా విధి ఒక్కటే: పాముకాటు మందున్న శీతల పెట్టెను రెండు, ఎనిమిది డిగ్రీల మధ్య నిలపడం.

ఆయుధపూజ నాడు మా డ్రైవర్, తాడేపల్లి వాడు, తుపాకులతో పాటు ఆ పెట్టెకూ పసుపు రాసి, దాని మీదే కొబ్బరికాయ కొట్టాడు. మర్నాడు మీటరు నాలుగు డిగ్రీలు చూపింది. అందరికీ తృప్తి. నాకు మాత్రం కంప్రెసర్ చప్పుడు వినపడలేదు. అంత ఎండలో అది అంతసేపు ఎందుకు ఊరుకుంది?

"చల్లగానే ఉందంటోంది కదరా మీటరు. అంతా అమ్మవారి దయ," అన్నాడు డ్రైవర్.

"అంటే సరిపోదురా. పరీక్షకు నిలబడాలి," అన్నాను.

ఐసు నలగ్గొట్టి, నీళ్లు కలిపి, పెట్టెలో వేడిని కొలిచే సెన్సర్‌ను తీసి అందులో ముంచాను. కరిగే ఐసు సున్నా డిగ్రీలు. అది ఎవరి నమ్మకాన్ని బట్టీ మారదు. మీటరు మైనస్ ఏడు చూపింది.

సెన్సర్‌లో ఉన్నది వేడెక్కేకొద్దీ నిరోధం పెరిగే ప్లాటినం తీగ. బయటి తీగలు విప్పి, ఐసులోనే దాన్నొక్కదాన్నీ కొలిచాను. ఉండాల్సినట్టే నూరు ఓములు. సెన్సర్ నిర్దోషి. పెట్టె పైన తీగలు కలిసే డబ్బీ మూత తీశాను. లోపల పసుపు కలిసిన కొబ్బరినీళ్లు. ఆ తడిగుండా కరెంటు అడ్డదారి పట్టి, నిరోధం తగ్గినట్టు కనబడింది. మీటరు లేని చల్లదనం చూపింది. దాన్ని నమ్మి కంప్రెసర్ ఆగిపోయింది.

స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టాను. ఐసులో సున్నా. తిరిగి పెట్టెలో పెడితే పన్నెండు. కంప్రెసర్ మోగింది. ఒక్క పూటకు మందు చెడదనీ, సాయంత్రం దాకా ఎండలో ఇలాగే ఉంటే పారబోయాల్సి వచ్చేదనీ మా డాక్టర్ కెప్టెన్ అన్నారు.

"అయితే పూజ తప్పంటావా?" డ్రైవర్ గొంతు తగ్గింది.

"పూజ సంగతి నువ్వూ అమ్మవారూ తేల్చుకోండి. ఆ నీళ్లు తాగాల్సింది నువ్వు, తీగలు కాదు."

ఆ మధ్యాహ్నమే పత్తి తీసే కూలీ మరియమ్మను మంచం మీద మోసుకొచ్చారు. నాగుపాము కరిచింది. రెప్పలు వాలిపోతున్నాయి. ఆ పెట్టెలోని మందే ఎక్కించారు. డ్రైవర్ గుడారం బయట నిలబడ్డాడు. పిలిచినా కదల్లేదు.

నెల తిరక్కుండా మా స్థావరానికి వెళ్లిపోయాం. తర్వాత సర్వీసు ముగిసి ఇంటికొచ్చాను. ఇప్పటికీ కళ్ల ముందున్నది ఒకటే. ఆ రోజు పొద్దువాలే వేళ మరియమ్మ రెప్పలెత్తి చూసింది; చేలో కాటు పడ్డప్పుడు బిగుసుకున్న పిడికిలి మెల్లగా విచ్చుకుంది. అందులో గుప్పెడు పత్తి, చెమటకు తడిసి, గింజలతో సహా.