ఎవరికి కబురు పెట్టమంటావు?

బండి బాగుచేయమని ఎవరు తెచ్చినా జగన్నాధం అడిగే మొదటి ప్రశ్న "ఏమైంది?" అని కాదు. "నువ్వు పోతే ఎవరికి కబురు పెట్టమంటావు?" అని.

అరసవల్లి నుంచి గార వెళ్లే రోడ్డు మీద అతనిది రేకుల షెడ్డు. బ్రేకు కేబుళ్లు, క్లచ్ వైర్లు, కూలర్ల బ్లోయర్లు, అరిగిపోయినవన్నీ మారుస్తాడు. పక్కనే నా ఫొటో స్టూడియో. పద్నాలుగేళ్ల ఇరుగుపొరుగు మాది. ఈ పద్నాలుగేళ్లలో ఆ నోట ఒక్క శుభం మాట విన్న పాపాన పోలేదు.

అరిగిన కేబులు చేతికి రాగానే కళ్లజోడు నుదుటి మీంచి దింపి, పోగులు ఒక్కొక్కటే వేలితో విడదీస్తాడు. "పంతొమ్మిది ఉండాల. ఏడున్నాయి. ఏడు పోగుల మీద ఏలాడతన్నావు. సెప్పు, ఎవరికి కబురు పెట్టమంటావు?"

బండివాడు లోపల తిట్టుకుంటూనే ఇంటి ఫోన్ నంబరు చెబుతాడు. జగన్నాధం దాన్ని సుద్దముక్కతో షెడ్డు గోడ మీద రాస్తాడు. గోడ నిండా నంబర్లే. మా వీధివాళ్లు ఆ గోడకి యముడి డైరీ అని పేరు పెట్టారు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. "పక్క స్టూడియోకెళ్లి మంచి ఫొటో ఒకటి తీయించుకో. తరవాత దండెయ్యడానికి ఎతుక్కోవాల" అని నా మీదకి తోలేవాడు. నాకు ఒళ్లు మండిపోయేది.

"ఒరే, నా షాపు పేరు పాడుచేస్తున్నావు. పెళ్లిచూపుల ఫొటోకి కూడా జనం నా గుమ్మం తొక్కడం లేదు."

"తొక్కుతార్లే బావా. ఎప్పటికైనా అందరూ నీ ఫ్రేముల్లోకి రావాల్సినోళ్లే."

ఇంటి సామాన్లకీ ఇదే మర్యాద. ఎదురింటి ఈశ్వరి వాషింగ్ మెషీనులో డ్రయ్యరు బ్రేకు వైరు తెగితే మాత్రం కాస్త కనికరించాడు. "దీనికి పేణం పోదు. సెయ్యి ఒక్కటే పోతాది" అన్నాడు. సుహాసిని టీచరు కూలరు తెచ్చినప్పుడు ఆ పాటి కనికరం కూడా లేకపోయింది.

"బ్లోయరు గరగరమంటోందండీ" అంది ఆవిడ.

"బుష్షు అరిగిపోనాది. రేపో మాపో మోటారు పట్టేస్తాది, వైరు కాల్తాది. దీని ముందు ఎంతమంది పడుకుంటారు?"

"నలుగురం."

"నలుగురూ ఒకే గదిలోనా? అయితే మీ ఇంటి నంబరు పనికిరాదు. పక్కింటోళ్లది ఇయ్యండి."

టీచరమ్మ గొడుగెత్తింది. ఎత్తిన గొడుగు దించకుండానే పక్కింటివాళ్ల నంబరు చెప్పింది. ఎందుకు చెప్పిందో ఆవిడకీ తెలియదు.

నన్నూ ఎన్నోసార్లు అడిగాడు. నేను చచ్చినా చెప్పలేదు. అయినా నా స్కూటరుకి వేరే జబ్బు ఉంది. నాలుగేళ్లుగా ఏడాదికోసారి దాని తాళం మాయమవుతోంది. ఇల్లంతా వెతికి నేను అలిసిపోయాక మా ఆవిడ పద్మకుమారి, "ఎలాగూ ఊరికే ఉంది కదా, జగన్నాధం అన్నయ్యకి చూపించకూడదా?" అంటుంది. రెండు వీధుల దూరం తోసుకొచ్చి ఏదో ఒక కేబులు మార్పిస్తాను. ఆ సాయంత్రమే తాళం దొరుకుతుంది.

మొన్న ఎండాకాలంలో తాళం మళ్లీ పోయింది. అసలే చిరాకుగా ఉన్నాను. ఆ రోజే గంగులు వచ్చాడు.

గంగులు సముద్రం మీద బతికేవాడు. రోజూ పొద్దున్నే మోపెడ్ వెనక చేపల పెట్టె కట్టుకుని మా ముందు నుంచే మార్కెట్‌కి పోతాడు. యాక్సిలరేటరు వైరు బిగుసుకుపోయిందని ఆగాడు. జగన్నాధం అది మార్చి, కిందకి వంగి వెనక బ్రేకు చూశాడు. కేబులు ఎప్పుడో తెగిపోయింది. రెండు ముక్కల్నీ వల నూలుతో కలిపి కట్టి ఉంది.

"ఇదేటిది?"

"ముడి. మా తాత నేర్పినాడు. సొరసేప గుంజినా ఊడదు."

"ఇది సముద్రం కాదు. గార రోడ్డు. కొత్త కేబులు ఏస్తాను, ఉండు."

"నా ముడి ఇప్పీసి నీ కేబులు ఏయించుకుంటే మా వోళ్లలో నా పరువేటవుతాది?"

"అయితే సెప్పు. ఎవరికి కబురు పెట్టమంటావు?"

గంగులు పగలబడి నవ్వాడు. "మా బుల్లమ్మకి పెట్టు. సంబరపడతాది." నంబరు చెప్పి, ఆ ఊపులోనే నా దగ్గరికొచ్చి, జుట్టు తడిపి దువ్వుకుని, మీసం తిప్పి మరీ ఫొటో తీయించుకున్నాడు. రేపు పట్టుకెళ్తానన్నాడు. మోపెడ్ కనుమరుగయ్యేదాకా జగన్నాధం రోడ్డు మీదే నిలబడ్డాడు. నేను నవ్వుకున్నాను.

మర్నాడు గంగులు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మార్కెట్‌కి పోయే చేపల బళ్లన్నీ పోతున్నాయి, ఆ ఒక్కటే లేదు. నా బల్ల మీద ఫొటోలో మాత్రం మీసం తిప్పి నవ్వుతున్నాడు. మూడో రోజు ఆ ఫొటోని బోర్లించి పెట్టాను. చూడలేకపోయాను.

"గంగులు రాలేదురా" అన్నాను షెడ్డుకెళ్లి.

"రాడులే బావా. నాకు తెలుసు" అన్నాడు తాపీగా నట్టు బిగిస్తూ.

"నీ నోరు మంచిది కాదురా! ముందు ఆ గోడ చెరిపెయ్!" అని అరిచి వచ్చేశాను. ఆ పూట అన్నం సయించలేదు.

నాలుగో రోజు ఒకామె వచ్చింది. పీక్కుపోయిన మొహం. "బుల్లమ్మనండి. గంగులు ఇంటిదాన్ని. మా ఆయన ఫొటో ఇక్కడున్నాదంట."

బోర్లించిన ఫొటో తీసి, కళ్లెత్తకుండానే అడిగాను. "ఫ్రేము కట్టించమంటావా అమ్మా?"

"ఫ్రేమెందుకు బాబూ? సంఘం కార్డుకి అతికించాల."

"కార్డుకా? మరి గంగులు..."

"అదిగో, మూతి ముడుసుకుని కూకున్నాడు."

బయట ట్రాలీ ఆటోలో మోపెడ్, దాని పక్కన గంగులు! నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"ఆ రోజు ఈ మావ ఫోన్ సేసినాడు" అంది బుల్లమ్మ పక్క షెడ్డులోని జగన్నాధాన్ని చూపిస్తూ. "మీ ఆయన ఇంటికి సేరినాడేటమ్మా అనడిగినాడు. సేరినాడన్నాను. అయితే బండి తాళం దాసీ అన్నాడు. ఉప్పుసేపల కుండలో దాసీసినాను. తిండి మానీసి అలిగినాడు. మూడు రోజులు ఇద్దరికీ కూడు లేదు."

"ముందు ముడి సూడండి, తరవాత మాటాడండి!" అన్నాడు గంగులు రోషంగా, మోపెడ్ దింపి.

జగన్నాధం వచ్చి బ్రేకు పట్టి ఒకసారి లాగాడు. ముడి ఆగింది. రెండోసారి గట్టిగా లాగాడు. తీగ జారిపోయింది. ముడి మాత్రం విడిపోలేదు. బిగుసుకున్నది బిగుసుకున్నట్టే ఊడి నేల మీద పడింది.

గంగులు దాన్ని తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మొహంలో నెత్తురు లేదు. "నీళ్లలో బిగుస్తాది" అన్నాడు మెల్లగా.

"గ్రీజులో జారతాది" అన్నాడు జగన్నాధం.

బుల్లమ్మ మొగుడి వీపు మీద నాలుగు దెబ్బలేసి, అక్కడే కూలబడి ఏడ్చింది.

వాళ్లు కొత్త కేబులుతో వెళ్లాక అడిగాను. "ఈ నంబర్లన్నిటికీ ఫోన్ చేస్తావేటిరా?"

"మారిసినోళ్లకి సెయ్యను. వద్దని పోయినోళ్లకే. ఇంటికి సేరినాడా అని అడుగుతాను. సేరితే తాళం దాయమంటాను." చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "నువ్వు ఇక్కడికి రాకముందు సంగతి బావా. ఒకడు ఇలాగే తరవాత మారుస్తానని పోయినాడు. గార మలుపులో పడిపోనాడు. జేబులో కాగితం ముక్క లేదు. రెండు రోజులు పేరు లేకుండా మార్చురీలో ఉన్నాడు. ఆడి కేబుల్లో పోగులెన్నో నాకు తెలుసు. పేరు మాత్రం అడగలేదు."

గోడకేసి చూస్తూ నిలబడ్డాను. అప్పుడు కనబడింది, కింద మూల నాకు బాగా తెలిసిన నంబరు. పద్మకుమారిది. దాని పక్కన నాలుగు టిక్కులు. నాలుగోది కొత్తగా పెట్టింది.

ఇంటికెళ్లి తాళం వెతక్కుండానే స్కూటరు తోసుకొచ్చాను. జగన్నాధం కళ్లజోడు దింపి నోరు తెరిచాడు.

"నోరు ముయ్యి. కబురు ఎప్పుడో పెట్టేశావుగా" అన్నాను.

పద్నాలుగేళ్లలో మొదటిసారి అతను నవ్వగా చూశాను. "తొమ్మిది పోగులే ఉన్నాయి బావా" అన్నాడు.

సాయంత్రం తాళం దొరికింది. జీలకర్ర వాసన వేస్తోంది. ఎక్కడ దొరికిందని ఈసారి నేను అడగలేదు.