గేటు దగ్గర వరుస

నేను ఏ కాలేజీకీ వెళ్లలేదు. రేపల్లెలో పదో తరగతితో ఆగిపోయిన చదువును అక్కడి లైబ్రరీలో కొనసాగించాను. ఏది చదవాలో చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఒక బీరువా అయిపోయాక ఇంకో బీరువా చదివాను. పశువైద్యం చదివాను, అమెరికాలో నల్లవాళ్ల చరిత్ర కూడా చదివాను. మొదటిది మరిచిపోయాను గానీ రెండోది నన్ను వదల్లేదు.

ఇప్పుడు తెనాలిలో ఒక పుస్తకాల షాపులో పని చేస్తున్నాను. షాపుకి వచ్చే బాపట్ల హెడ్మాస్టరు గారొకాయన ఒకరోజు నా కబుర్లు విని, "ఇవన్నీ మా పిల్లలకి చెప్పకూడదా సార్?" అన్నారు. పట్టా లేనివాణ్ని పట్టుకుని హెడ్మాస్టరు సార్ అన్నాడు. ఇక కాదనడానికి నాకు నోరు రాలేదు.

అప్పటినుంచి శనివారం మధ్యాహ్నాలు బాపట్ల రైలెక్కడం మొదలైంది. తొమ్మిదో తరగతి గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి, గోడమీద వారానికి కొంత చొప్పున ఒక సినిమా వేసేవాణ్ని. అది పాత నలుపు తెలుపు అమెరికా సినిమా. అందులో ఒక నల్ల విద్యార్థి తెల్లవాళ్ల హోటల్లోకి వెళ్లి, వాళ్లు కూర్చునే చోటే కూర్చుని కాఫీ అడుగుతాడు. ఇవ్వరు. రోజూ వెళ్లి కూర్చుంటాడు. కథ అంతే. మాటలన్నీ ఇంగ్లీషు కాబట్టి నేను మధ్యమధ్య ఆపి తెలుగులో చెప్పేవాణ్ని. బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది.

మొదటిసారి వేసినప్పుడే పిల్లలు "అన్యాయం సార్!" అని అరిచారు. సూర్యలంక నుంచి వచ్చే ఒక అమ్మాయి మాత్రం అరవలేదు. వాళ్ల నాన్న సముద్రంలో చేపల వేటకి వెళ్తాడు, అమ్మ చేపలు అమ్ముతుంది. తరగతిలో ఫస్టు. మనిషి బాగా నలుపు. ఒక శనివారం ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"కాఫీ ఇచ్చే ఆవిడ తిట్టలేదు కద సార్. 'ఇక్కడ కాదు నాయనా, వెనక కిటికీ దగ్గరికి రా, ఇస్తాను' అంది. మంచావిడే. మరి ఇక్కడే ఎందుకివ్వలేదు?"

నేను చదివిన పుస్తకాల్లో చట్టాలున్నాయి, ఊరేగింపులున్నాయి. ఆ మంచావిడ గురించి ఎవరూ రాయలేదు. వచ్చేవారం చెప్తానన్నాను.

ఆ వచ్చేవారమే కబురొచ్చింది. మా సినిమా పాఠం చూడడానికి పైనుంచి ఒక ఆఫీసరు వస్తున్నారట. ముందురోజే రిహార్సల్. నన్నూ రమ్మన్నారు.

స్కూలుకి ఎవరు పెద్దవాళ్లొచ్చినా గేటు దగ్గర ఆడపిల్లలు రెండు వరుసల్లో నిలబడతారు. చేతిలో పూలపళ్లెం, ముందున్న అమ్మాయికి పన్నీరు బుడ్డి. వాళ్లని ఎంపిక చేసేది తెలుగు మేడమ్. ఆవిడ వరండాలో నడుచుకుంటూ, "నువ్వు రా. నువ్వూ. నువ్వు జడ బాగా వేసుకునిరా" అని వేలితో చూపిస్తోంది. ఎంపికైన పిల్లలందరూ పక్కపక్కన నిలబడ్డాక చూశాను. అందరూ తెల్లగా ఉన్నారు.

సూర్యలంక అమ్మాయి పిలవకుండానే వెళ్లి వరుస చివర నిలబడింది.

"నువ్వెందుకే ఇక్కడ? లోపల సార్ పక్కన ఉండాలి నువ్వు."

"నేనూ పళ్లెం పట్టుకుంటాను మేడమ్. ఆరో తరగతి నుంచీ అడుగుతున్నా."

"తెలివైనదానివి, నీకిదేం పిచ్చే? ఎండలో నిలబడితే ఇంకా కమిలిపోతావు తల్లీ."

ఆవిడ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది. అమ్మాయి కదల్లేదు.

"వీళ్లని ఏం చూసి తీశారు మేడమ్?"

"ఏం చూసి ఏంటి? పొడుగు చూసి."

అమ్మాయి పక్కనున్న పిల్లకి భుజం ఆనించి నిలబడింది. ఆ పిల్ల దీని చెవి దాకా కూడా రాలేదు. వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్‌కి కోపం వచ్చింది. "ఎదురు మాట్లాడతావా? పో లోపలికి!"

అమ్మాయి లోపలికొచ్చి, ప్రొజెక్టర్ వైరు సరిచేస్తూ నా పక్కన కూర్చుంది. ఓదార్చాలనుకున్నాను. నాకు ఓదార్పు అంటే ఉపన్యాసమే. అధికారుల ముందు ఆడపిల్లలు పళ్లాలు పట్టుకుని నిలబడడమే తప్పని, ఆ వరుసలో లేనందుకు గర్వపడాలని చెప్పాను. అంతా విని తలెత్తింది.

"అది నేను పట్టుకున్నాక చెప్పండి సార్."

నాకిక అక్కడ కాలు నిలవలేదు. వరండాలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచి, చివరికి హెడ్మాస్టరు గారి గదిలోకి వెళ్లాను. లోపల నలుపు మీద పాఠం, బయట తెల్లపిల్లల వరుస, ఇది బాగుండదండీ అన్నాను. ఆయన కోప్పడలేదు.

"సినిమా సినిమాయే, గేటు గేటే సార్. వచ్చేవాళ్లకి చూడగానే ముచ్చటగా ఉండాలి కదా. మీరు చదివినవాళ్లు, మీకు చెప్పాలా?"

స్టాఫ్ రూములో తెలుగు మేడమ్ ఒక్కరే కూర్చుని చామంతులు తుంచుతోంది. ఆవిడా నలుపే. ఆ సంగతి నేను అప్పుడే గమనించాను.

"నా మీద హెడ్మాస్టరుకి చెప్పొచ్చారా?" అంది తలెత్తకుండా. "నన్నూ ఎప్పుడూ నిలబెట్టలేదండీ చిన్నప్పుడు. ఏమైంది? టీచర్నయ్యానా లేదా? దానికీ అదే చెప్తున్నా. గేటు దగ్గర ఏముందని?"

"సినిమాలో కాఫీ ఇచ్చే ఆవిడ కూడా మంచిదేనండి" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

ఆవిడ చేతిలో పువ్వు పళ్లెంలో పడేసింది. "ఆ తెల్లావిడా నేనూ ఒకటా? నన్ను చూసి ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?" అని పళ్లెం తీసుకుని బయటికి వెళ్లిపోయింది.

తిరుగు రైలంతా ఆ ప్రశ్నే. అమ్మాయికి పళ్లెం దొరకలేదు సరికదా, ఉన్న ఒక్క మంచి టీచరూ నా మాటతో దూరమైంది. లైబ్రరీ పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను గానీ, తెనాలి వచ్చేదాకా ఒకే పేజీ. రేపు సినిమా వెయ్యనని ఫోన్ చేద్దామనుకున్నాను. వెయ్యకపోతే నష్టం ఎవరికి? ఆఫీసరు ఇంకో స్కూలుకి వెళ్తాడు. ఆ అమ్మాయి ఎప్పటిలాగే లోపల ఉంటుంది. ఫోన్ చెయ్యలేదు.

మర్నాడు వెళ్లేసరికి గేటు దగ్గర గొడవగా ఉంది. తెలుగు మేడమ్ వరుసను మళ్లీ కడుతోంది. నా వైపు చూడలేదు. పిల్లల్ని కేకేసి, "ఎవరికి నిలబడాలనుందో వాళ్లు రండి. పొడుగు ప్రకారం. ఈసారి నిజంగానే పొడుగు ప్రకారం!" అంది. సగం తరగతి ఎగబడింది. పళ్లాలున్నంతమందిని కొలిచి, తోసి, సర్ది నిలబెట్టింది. సూర్యలంక అమ్మాయి అందరికన్నా పొడుగు కాబట్టి ముందుకొచ్చింది. పన్నీరు బుడ్డి దాని చేతికే వచ్చింది.

"గట్టిగా ఊపకు, ఆయన చొక్కా తడిసిపోద్ది."

"అలాగే మేడమ్."

హెడ్మాస్టరు గారు గబగబా వచ్చి, "ఏంటమ్మా ఇది, నిన్న వేరేలా ఉంది కదా?" అన్నారు.

"మీరు లోపల కుర్చీలు చూసుకోండి సార్" అంది మేడమ్.

ఆఫీసరు ఆలస్యంగా వచ్చాడు. ఎండకి పిల్లలు వాడిపోయారు. ఆయన ఫోన్ మాట్లాడుతూనే వరుస మధ్యనుంచి నడిచాడు. ఆ అమ్మాయి బుడ్డి ఊపింది, ఆయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. క్షణంలో అయిపోయింది. కానీ ఆ అమ్మాయి మొహం చూశాను. తరగతిలో ఫస్టొచ్చినప్పుడు కూడా అలా వెలిగి ఉండదు.

సినిమా అయ్యాక ఆఫీసరు లేచి, "ఇలాంటివి మన దగ్గర ఉన్నాయా పిల్లలూ?" అని అడిగాడు.

"లేవండీ!" అని గది దద్దరిల్లింది.

నేను అమ్మాయి వైపు చూశాను. ఇప్పుడు లేస్తుంది, ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. మేడమ్ కూడా కొంగు నలుపుకుంటూ అటే చూస్తోంది. అమ్మాయి లేవలేదు. పక్కపిల్ల చెవిలో ఏదో చెప్పి నవ్వుకుంది.

అందరూ వెళ్లాక వైర్లు చుడుతూ అడిగాను. "ఏమ్మా, మాట్లాడలేదేం?"

"ఏం మాట్లాడాలి సార్? నిలబెట్టారుగా."

"మరి ఇన్నేళ్లూ..."

"ఇప్పుడు లేచి అంటే మేడమ్ మీద చెప్పినట్టవదా?" అంది. బ్యాగు భుజానికి తగిలించుకుని, సూర్యలంక ఆటో వెళ్లిపోతుందని పరిగెత్తింది.

స్టేషన్లో నాకు బెంచీమీద కూర్చోబుద్ధి కాలేదు. సినిమాలో ఆ మంచావిడ గురించి వచ్చే శనివారం ఆ గదిలో నేను ఏం చెప్పాలి? నిన్న వరుసలో ఉండి ఇవాళ లేని తెల్లపిల్లలు ఉంటారు. ఏళ్లతరబడి అడిగి సాధించుకుని ఒక్క మాటా అనని పిల్ల ఉంటుంది. తలుపు దగ్గర మేడమ్ నిలబడి ఉంటుంది. వీళ్లెవరూ నేను చదివిన పుస్తకాల్లో లేరు. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను.