షటిల్ కోర్టు కింద సమాధి

దోస్తులారా, నిన్న సికింద్రాబాద్‌ల మన పాత కాలనీకి పోయిన. పార్కుల వాకింగ్ ట్రాక్ ఏస్తున్నరు. మా నాయన పోయినంక ఆయన పేరు చెక్కించి మేం పెట్టిన గ్రానైట్ బెంచీని పీకి, మట్టికుప్ప మీద పడేసిండ్రు. దాన్ని జూడంగనే అనసూయవ్వ యాదికొచ్చింది.

మీకు సుత యాదికుందా? మన ఇండ్లు లేవకముందు ఆ పార్కు జాగంతా ఆమె అంగూర్ తోట. తోట మూలకు ఆమె పెనిమిటి సమాధి ఉండె. అసోసియేషనోళ్లు దాన్ని చదును చేసి షటిల్ కోర్టు కట్టిండ్రు. అయినా ఏటా, పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రామాస నాడు అవ్వ గారెలు, పప్పు, ఊదుబత్తి పట్టుకొచ్చి కోర్టు నడుమ మోదుగాకుల ఇస్తరి పెట్టేది. మనం ర్యాకెట్లు పట్టుకొని, ఆమె ఎప్పుడు లేస్తదా అని చూసేటోళ్లం. గారెల వాసనకు నోరూరేది.

ఒక ఏడు ఆట ఆగిందని మా నాయనకు కోపమొచ్చింది. ఆయనే ప్రెసిడెంటు. ఇంట్లకెళ్లి కాలనీ లేఅవుట్ నక్ష తెచ్చి ఆమె ముందట పరిచిండు.

"చూడవ్వా, ఇందుల సమాధి యాడుంది?"

చదువు రాని అవ్వ ఆ కాయితాన్ని చేత్తోని చానసేపు తడిమింది. "గీడనే ఉన్నడు సారూ" అన్నది.

మా నాయన ఇస్తరిని చీపురుతోని పక్కకు ఊడ్చిండు. ఆట మళ్ల షురూ అయింది. అవ్వ మళ్ల రాలే.

నిన్న నేను కాంట్రాక్టర్‌ను అడిగిన. "అన్నా, ఇది మా నాయన బెంచీ. మళ్ల యాడ పెడ్తరు?"

ఆయన జేబులకెళ్లి నక్ష తీసి నా ముందట పరిచిండు.

"ఇందుల బెంచీ లేదు మేడమ్. జెర పక్కకు జరగండి."